కాదన్నది ఎవరో ముందు తెలుసుకోండి

పుదుచ్చేరిలో ఉద్యోగం చేసిన రోజుల్లో నటేశన్ నగర్‌లో ఒక మేడ మీద వాటాలో ఉండేవాణ్ణి. పక్క గదిలో యానాం కుర్రాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. యానాం కాగితం మీద పుదుచ్చేరిదే. కానీ ఉన్నది గోదావరి ఒడ్డున, కాకినాడ పక్కన. అక్కణ్ణుంచి తమ రాజధానికి చదువుకి రావాలంటే ఆంధ్రాలో సగం, తమిళనాడులో కొంత దాటి రావాలి. అంత దూరం వచ్చిన కుర్రాడు ఒక రాత్రి పదకొండింటికి నా తలుపు కొట్టాడు.

"అన్నయ్యా, నాకీ చదువు రాదండి. ఇంటికెళ్లిపోతానండి."

"ఏమైందిరా?"

"బ్లూటూత్ అతకట్లేదండి."

నవ్వు ఆపుకుని లోపలికి రమ్మన్నాను. సంగతేమిటంటే, మా వీధి మొదట్లో కిరాణా కొట్టు అణ్ణాచ్చికి బిల్లులు కొట్టే ప్రోగ్రాము రాసిస్తానని మాటిచ్చాడు. ఆయన దగ్గర అరచేతిలో పట్టే థర్మల్ ప్రింటర్ ఉంది. 58 మిల్లీమీటర్ల కాగితం చుట్ట వేసుకుని బ్లూటూత్ మీద పనిచేస్తుంది. కొట్లో ఉన్నది పాత ల్యాప్‌టాప్, అందులో లినక్స్. ఆ రెండింటికీ మాటలు కలపాలంటే ఎవరో రాసిపెట్టిన బ్లూటూత్ లైబ్రరీని తన సీ ప్రోగ్రాముతో కలపాలి. మూడు రోజులైనా కలవలేదు. రోజుకో రకం ఎర్ర అక్షరాలు. వాటిని చదవడం అతను ఎప్పుడో మానేశాడు. తెర మీద ఎరుపు కనబడగానే "నీకు రాదు" అని తనకి తానే చదివి వినిపించుకుంటున్నాడు.

లైబ్రరీ ఎలా కలపాలో ఈ అధ్యాయంలో ఉంది. కంప్యూటర్‌తో పనిలేనివాళ్లు కూడా దీన్ని వదిలేయొద్దు. ఆ రాత్రి అతన్ని నేను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్న ఒక్కటే, అది అందరికీ పనికొస్తుంది: "సరే, కాదన్నది ఎవర్రా?"

నాలుగు గుమ్మాలు

తాసిల్దారు ఆఫీసులో గుమాస్తా "ఇవాళ సర్వర్ లేదు, రేపు రండి" అన్నాడనుకోండి. దానర్థం మీకు పొలం లేదని కాదు, మీ కాగితాలు చెల్లవనీ కాదు. ఆ కుర్చీలో ఆ పూట పని కాదని మాత్రమే. అయినా ఎండలో తిరిగొచ్చినవాడికి రాజ్యమంతా కలిసి కాదన్నట్టే ఉంటుంది. ప్రోగ్రాము రాసేవాడి స్థితీ ఇదే. "ఎర్రర్" అనే మాట ఒకటే గానీ, అనే నోళ్లు వేరు.

అతనికి పెళ్లి వంట మీద పెట్టి చెప్పాను. పెళ్లికి వంటమనిషిని కుదుర్చుకోవాలి. ముందు ఆయన కార్డు చేతికి రావాలి: పేరేమిటి, ఏమేం చేస్తాడు, మనం ఏ సామాను తెప్పించాలి. తర్వాత ఆయన దగ్గరికి వెళ్లి బయానా ఇచ్చి ఖాయం చేసుకోవాలి. మూడోది, పెళ్లి రోజు తెల్లారకట్ల ఆయన నిజంగా రావాలి. నాలుగోది, వచ్చినవాణ్ణి కల్యాణమండపం వాచ్‌మన్ లోపలికి వదలాలి. నాలుగింట్లో ఏది తప్పినా మనం అనే మాట ఒకటే, "వంట కాలేదు" అని. కానీ ప్రతిదానికీ మందు వేరు. కార్డే లేనివాడు మండపం వాచ్‌మన్‌తో పోట్లాడితే ఏం లాభం?

మావాడు మూడు రోజులు చేసింది అదే.

మొదటి గుమ్మం: కార్డు

అతని మొదటి ఎర్ర గీత ఇది: బ్లూటూత్ డాట్ హెచ్ అనే ఫైలు లేదు. అన్నది కంపైలర్, అంటే మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది. లైబ్రరీ లేదని అది అనలేదు. లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే జాబితా, అంటే హెడర్ ఫైలు, కనబడలేదంది. మన లెక్కలో అది కార్డు.

"కానీ నా కంప్యూటర్లో బ్లూటూత్ పనిచేస్తోందండి. పాటలు కూడా వింటున్నాను."

తికమక ఇక్కడే. భోజనానికి వచ్చేవాళ్లకి వంటమనిషి కార్డుతో పనిలేదు. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్ పంపిణీలు అందుకే ఒక్కో లైబ్రరీని రెండు ప్యాకేజీలుగా విడగొడతాయి. వాడుకునేవాళ్లకి లిబ్‌బ్లూటూత్3. ప్రోగ్రాములు రాసేవాళ్లకి హెడర్ ఫైళ్లతో కలిపి లిబ్‌బ్లూటూత్-డెవ్. ఫెడోరాలో ఈ రెండోదాన్నే బ్లూజీ-లిబ్స్-డెవెల్ అంటారు. చివర 'డెవ్' లేక 'డెవెల్' ఉన్న ప్యాకేజీ పెట్టుకుంటే కంపైలర్ ఫిర్యాదు పోతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఆ పేరు కొడితే నిమిషం పని.

దానికోసం అతను ఒక పూటంతా ఇంటర్నెట్లో వెతికి, ఎవరో ఇచ్చిన హెడర్ ఫైలుని విడిగా దింపి తన ఫోల్డరులో పడేసుకున్నాడు. ఇంకెవరి పెళ్లిలోదో పాత కార్డు అది. అలా చేయొద్దు. హెడరూ లైబ్రరీ ఒకే చోటు నుంచి, ఒకే వెర్షన్‌లో రావాలి.

రెండో గుమ్మం: బయానా

మర్నాటి ఎర్ర గీత వేరు: ఎస్‌టీఆర్‌టూబీఏ అనే పేరుకి 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్'. ఈ మాట కంపైలర్‌ది కాదు, మన ప్రోగ్రామునీ లైబ్రరీలనీ ముడివేసే లింకర్‌ది. కార్డు చూసి పేరు రాసుకున్నారు గానీ మనిషిని ఖాయం చేసుకోలేదని అర్థం.

ఆ ఫంక్షన్ చేసే పని చిన్నది. ప్రతి బ్లూటూత్ పరికరానికీ 48 బిట్ల చిరునామా ఉంటుంది. ఆరు జంటల అక్షరాలుగా మనం రాసే ఆ చిరునామాని ఇది ఆరు బైట్లుగా మార్చి, వెనక నుంచి ముందుకి పేర్చి పెడుతుంది. ప్రింటర్‌తో మాట్లాడే సాకెట్, కనెక్ట్ లాంటి పిలుపులు మామూలు సీ లైబ్రరీలోనే ఉన్నాయి, వాటి వెనక పని లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ చేస్తుంది. అంటే అతని ప్రోగ్రాము బయటి లైబ్రరీలో వెతుక్కుంటున్నది ఆ ఒక్క ఫంక్షన్‌నే. "బ్లూటూత్ నాకు రాదు" అని ఇంటికి బయల్దేరినవాడికి ఆ పూట అడ్డుపడ్డది ఒక్క పేరు.

దీనికి మందు, కంపైల్ చేసే వరుసలో హైఫన్, చిన్న ఎల్, ఆ వెంటనే బ్లూటూత్ అని చేర్చడం. ఫైలు అసలు పేరు లిబ్‌బ్లూటూత్ డాట్ ఎస్‌ఓ. ముందున్న లిబ్, వెనకున్న డాట్ ఎస్‌ఓ తీసేసి చెప్పడం లింకర్ ఆనవాయితీ.

"అది చేర్చానండి. అయినా అదే మాటండి."

చూస్తే చేర్చాడు, కానీ తన ఫైలు పేరుకంటే ముందు చేర్చాడు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. లైబ్రరీ పేరు వచ్చేసరికి దాని అవసరం ఇంకా ఎవరికీ పడకపోతే పక్కన పెట్టేస్తుంది. ఉబుంటులో 11.10 నుంచి ఇదే పద్ధతి. మనం ఇంటికి చేరకముందే వంటమనిషిని పిలిస్తే ఆయన వచ్చి గుమ్మంలో ఎవరూ లేరని వెళ్లిపోయినట్టు. మొదట మన ఫైళ్లు, చివర లైబ్రరీలు: ఈ వరుస గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. మేక్‌ఫైల్ రాసేవాళ్లు లైబ్రరీ పేర్లని ఎల్‌డీఫ్లాగ్స్‌లో కాక ఎల్‌డీలిబ్స్‌లో పెట్టాలి. మేక్ తనంతట తాను లింక్ చేసేటప్పుడు మొదటిదాన్ని మన ఫైళ్ల ముందు, రెండోదాన్ని చివర పెడుతుంది.

ప్రాజెక్టు పెద్దదయ్యే కొద్దీ ఈ వివరాలు చేత్తో రాయకుండా ప్యాకేజ్-కాన్ఫిగ్‌ని అడగడం మంచిది. హెడర్లు ఎక్కడున్నాయో, ఏ లైబ్రరీ కలపాలో అదే చెబుతుంది. సీమేక్, మెసాన్ వాడేవాళ్లు కూడా వాటి చేత దీన్నే అడిగించొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్యాకేజ్-కాన్ఫిగ్‌కి ఈ లైబ్రరీ పేరు 'బ్లూటూత్' అంటే తెలియదు, 'బ్లూజీ' అనాలి. ప్యాకేజీ పేరు లిబ్‌బ్లూటూత్-డెవ్, లింకర్‌కి చెప్పే పేరు బ్లూటూత్, ప్యాకేజ్-కాన్ఫిగ్‌కి బ్లూజీ. బడి రిజిస్టర్లో ఒక పేరు, బారసాల నాటి పేరు ఒకటి, ఇంట్లో పిలిచే ముద్దుపేరు ఒకటి ఉన్న మనిషిని మనం గుర్తుపట్టడం లేదా? ఇదీ అంతే.

మూడో గుమ్మం: పెళ్లి రోజు

లింకయింది. అతని కంప్యూటర్లో ప్రోగ్రాము లేచి నిలబడింది. రాత్రి ఒంటిగంటకి అరిచిన అరుపుకి కింద వాటా పెద్దాయన దగ్గాడు. పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అణ్ణాచ్చి కొట్టుకి పరిగెత్తాడు. అరగంటలో వాడిపోయిన మొహంతో తిరిగొచ్చాడు.

"అక్కడ ఆడట్లేదండి. మళ్లీ మొదటికొచ్చిందండి."

మొదటికి రాలేదు, మూడో గుమ్మానికి వచ్చింది. లిబ్‌బ్లూటూత్ డాట్ ఎస్‌ఓ డాట్ 3 తెరవలేకపోతున్నానని లోడర్ అంటోంది. ప్రోగ్రాము నడవబోయే క్షణాన దానికి కావలసిన లైబ్రరీలని వెతికి తెచ్చేది లోడర్. కంపైల్ చేసింది ఒక ఇంట్లో, నడపాల్సింది ఇంకో ఇంట్లో. బయానా ఇచ్చిన మనిషి ఆ ఊళ్లో లేడు.

ఎల్‌డీడీ అనే ఆదేశం వెనక మన ప్రోగ్రాము పేరు కొడితే దానికి ఏ లైబ్రరీలు కావాలో వరుసగా చూపిస్తుంది. లేనిదాని పక్కన 'నాట్ ఫౌండ్' అని ఉంటుంది. కొట్లో ల్యాప్‌టాప్‌కి హెడర్లతో పనిలేదు, లిబ్‌బ్లూటూత్3 ఒక్కటి చాలు. చివరి 3 అలంకారం కాదు, ఆ లైబ్రరీ ఏ ఒప్పందం ప్రకారం పనిచేస్తుందో చెప్పే అంకె. దాని బదులు వేరే అంకె ఉన్న ఫైలుకి 3 అని పేరు మార్చి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. అది పెళ్లిలో వంటమనిషి చొక్కా ఇంకొకడికి తొడిగి గరిట ఇచ్చినట్టే.

ఇంకో జాగ్రత్త. కొత్త లినక్స్‌లో కంపైల్ చేసినది పాత లినక్స్‌లో సీ లైబ్రరీ వెర్షన్ చాలక ఆగిపోవచ్చు. నడవాల్సిన చోటు పాతదైతే అక్కడే, లేదా అంత పాతదాంట్లోనే, కంపైల్ చేయండి.

నాలుగో గుమ్మం: వాచ్‌మన్

సాయంత్రం మళ్లీ కొట్టుకి వెళ్లాడు. ఈసారి నేనూ వెళ్లాను. ప్రోగ్రాము నడిచింది. ప్రింటర్‌ని పిలిచింది. వచ్చిన జవాబు: 'హోస్ట్ ఈజ్ డౌన్'. కుర్రాడు ఎల్‌డీడీ కొట్టబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరన్నారు?"

ఒక్క క్షణం ఆలోచించాడు. "కెర్నల్ అండి. లింకర్ పని ఎప్పుడో అయిపోయిందండి."

అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. ఇక ఇతను ఇంటికెళ్లిపోడు.

'హోస్ట్ ఈజ్ డౌన్' అంటే పిలిస్తే పలకలేదని. ప్రింటర్ స్విచ్ వేసి లేదు, అంతే. వేశాం. ఈసారి 'పర్మిషన్ డినైడ్' వచ్చింది. ఈ మాట చూసి చాలామంది వెంటనే సుడో పెట్టి రూట్ అధికారంతో నడుపుతారు. కానీ బ్లూటూత్‌లో రెండు పరికరాలకీ పరిచయం కుదరకపోయినా, పిన్ తప్పినా కెర్నల్ ఇదే మాట తిప్పి చెబుతుంది. అడ్డం ఉన్నది మన అధికారం కాదు, ప్రింటర్‌కి మన మీద నమ్మకం. బ్లూటూత్‌సీటీఎల్ అనే ఆదేశం తెరిచి ప్రింటర్‌ని జత చేశాం. కాగితం చుట్ట కదిలింది. అణ్ణాచ్చి ఉప్పు ప్యాకెట్టు పక్కన పెట్టి మరీ చూశాడు.

ఎవరూ కాదనని తప్పు

కథ ఇక్కడ ముగిస్తే అందంగా ఉండేది. కానీ అసలు పాఠం ఆ తర్వాత వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలతో బిల్లు బాగా వచ్చింది. కొట్టు పేరు తమిళంలో కావాలన్నాడు అణ్ణాచ్చి. కుర్రాడు పంపాడు. ఎవరూ కాదనలేదు, ఎర్ర గీత లేదు. కాగితం మీద మాత్రం పిచ్చి గీతలు. సరదాకి తెలుగులో తన పేరు పంపితే అవీ అంతే, ఒక్కో గుర్తుకి మూడేసి వింత బొమ్మలు.

ఇది లైబ్రరీ తప్పు కాదు. యూటీఎఫ్-8లో తెలుగు, తమిళ లిపుల గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఆ ప్రింటర్‌లో మన లిపుల ఫాంట్లు లేవు. వచ్చిన ప్రతి బైటునీ తనకు తెలిసిన ఒక గుర్తుగా అచ్చేసింది. ఇలాంటి చోట అక్షరాలని కంప్యూటర్‌లోనే బొమ్మగా గీసి పంపాలి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్లలో సాధారణంగా వరసకి 384 చుక్కలు పడతాయి. ఆ వెడల్పులో కొట్టు పేరుని బొమ్మ చేయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

మూడు రోజులు తిట్టిన ఎర్ర అక్షరాల విలువ అతనికి అప్పుడు తెలిసింది. మొహం మీదే కాదన్నవాడు దారి చూపినట్టే. చిక్కల్లా అన్నిటికీ తలూపి చివర పిచ్చి గీతలు చేతికిచ్చేవాడితో. ఆఫీసులోనూ, ఇంట్లోనూ, స్నేహాల్లోనూ ఇద్దరూ తగులుతారు. మొదటివాడి మీద కోపం తెచ్చుకునే ముందు రెండోవాణ్ణి గుర్తు తెచ్చుకోండి.

అప్పు తెచ్చుకున్నప్పుడు

మనం కలుపుకునే లైబ్రరీ పరాయివాళ్ల కష్టం. లినక్స్ బ్లూటూత్‌కి ఆధారమైన బ్లూజీని మొదట రాసింది క్వాల్‌కమ్ కంపెనీలో మాక్స్ క్రాస్‌న్యాన్‌స్కీ. 2001లో అది 2.4.6 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లో చేరింది. తర్వాత మార్సెల్ హోల్ట్‌మన్, ఇంకా చాలామంది దాన్ని పెంచుకుంటూ వచ్చారు. లిబ్‌బ్లూటూత్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. దాన్ని కలిపిన ప్రోగ్రాముని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, మీ సోర్సు కూడా ఆ షరతులకి లోబడి ఇవ్వాలి. అణ్ణాచ్చికి ఇచ్చేదానికి ఇబ్బంది లేదు. రహస్యంగా ఉంచి అమ్ముకుందామనుకునేవాళ్లు ఈ సంగతి మొదటి రోజే చూసుకోవాలి, చివరి రోజు కాదు.

అసలు కలపాలా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. 2012 డిసెంబరులో వచ్చిన బ్లూజీ 5 నుంచి చాలా పనులకి, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ ద్వారా బ్లూటూత్ సర్వీసుతో మాట్లాడమన్నదే వాళ్ల సలహా. పరికరాలు వెతకడం, జత చేయడం, తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ లో-ఎనర్జీ వంటి వాటికి ఆ దారే నయం. నాలుగు బైట్లు ప్రింటర్‌కి పంపడానికి సాకెట్ చాలు. పొరుగింటి నిచ్చెన తెచ్చే ముందు మన స్టూలు అందుతుందేమో చూసుకోవడం లాంటిది ఇది.

సాధన

ఈ వారం మీ పనిలో ఎక్కడ "కుదరదు" అన్న మాట వచ్చినా ఈ నాలుగూ చేయండి. కంప్యూటర్ దగ్గరైనా, కరెంటాఫీసులోనైనా.

1. మొదటి ఫిర్యాదు చదవండి, చివరిది కాదు. లింకర్ చివర్లో 'ఎగ్జిట్ స్టేటస్ 1' అంటుంది, అందులో ఏమీ లేదు. ఉన్నదంతా పైనున్న వాక్యంలోనే.

2. ఆ మాట అన్నది ఎవరో ఒక కాగితం మీద రాయండి: కంపైలరా, లింకరా, లోడరా, కెర్నలా? గుమాస్తానా, అధికారా, రూలా, మీ భయమా?

3. ఆ గుమ్మం దగ్గర ఒకే ఒక్క మార్పు చేయండి. చేసింది రాసుకోండి. ఒకేసారి నాలుగు మారిస్తే పనయినా ఎందుకయిందో తెలియదు.

4. అప్పటికీ కాకపోతే అడగండి. "పనిచేయట్లేదు" అని కాదు, "ఈ మెషీన్‌లో, ఈ ఆదేశానికి, లింకర్ ఇలా అంది" అని అడగండి. అలా అడిగినవాణ్ణి ఎవరూ విసుక్కోరు.

అడగడానికి మనుషులు దూరంలో లేరు. పుదుచ్చేరిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ ఉంది, పక్కనే విళుప్పురంలో లినక్స్ వాడుకరుల సంఘం ఉంది, హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ ఉంది. 2023 జనవరిలో విళుప్పురంలోనే డెబియన్ వాళ్ల సమావేశం మినీడెబ్‌కాన్ఫ్ జరిగింది. ఆ సెప్టెంబరులో ప్రపంచం నలుమూలల డెబియన్‌వాళ్లు తమ పెద్ద సమావేశం డెబ్‌కాన్ఫ్‌కి కొచ్చి వచ్చారు. మీరు ఆప్ట్‌తో దింపుకునే ప్యాకేజీలని కట్టేది ఇలాంటివాళ్లే.

యానాం కుర్రాడి బల్ల ముందు గోడకి చాలా రోజులు ఒక కాగితం అంటించి ఉండేది. దాని మీద ఉన్నది ఒక్క మాట: "ఎవరు?" మీరూ ఒకటి అంటించుకోండి. "నాకు రాదు" అని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ముందు దాన్ని చూడండి. ఆ నాలుగు గుమ్మాల్లో ఎవరూ ఆ మాట అనలేదని తేలుతుంది. అన్నది మీరే.